బోర్డు మీద పదిహేను, పదహారు

కలిదిండి,
4 ఆగస్టు 2025, సోమవారం

సువర్ణక్కకు,

ఇది రాస్తున్నది నిజంగా ఇస్సాకే. నమ్మకం కుదరకపోతే కాగితం అడుగున గ్రీజు అంటిన బొటనవేలు నొక్కాను, చూసుకో. "నీ ఫోను ఇక ఎత్తను, చెప్పేదేదో కాగితం మీద రాసి సంతకం పెట్టు" అన్నావుగా, పెట్టాను. పోయిన క్రిస్మస్‌కి మీ ఫోర్‌మాన్ శ్రీరంగనాయకులు గారి గొంతుతో నేను ఫోను చేసి, ఓవెన్ కట్టేసి ఇంటికెళ్ళమ్మా, పండగ కదా అన్న మాట నిజమే. నువ్వు కట్టేసి వెళ్ళిన మాటా నిజమే. ఓవెన్‌లో ఆరాల్సిన పదకొండు మోటార్ల వార్నిషు పచ్చిగా మిగిలి నీకు మెమో ఇచ్చారని మాత్రం నాకు తరవాత తెలిసింది. దానికి ఈస్టరు నాడే తప్పు ఒప్పుకున్నాను. ఏడాదికి ఒకసారి చాలు.

ఇప్పుడు అసలు సంగతి. మూడో నంబరు చెరువులో రొయ్యకి డెబ్భై రోజులు. ఎనిమిది ఏరేటర్లు తిరగాలి. అవి తిరిగి నీళ్ళు చిలికితేనే దానికి ఊపిరి. రెండు మోటార్లు, పన్నెండు, పంతొమ్మిది నంబర్లవి, కాలిపోతే మళ్ళీ తీగ చుట్టించడానికి జూలై ఇరవై నాలుగున మీ షెడ్డుకి పంపాను. ఇవాళ్టికి పదకొండు రోజులు. నాలుగు రోజులుగా ఇక్కడ ఎండ మొహం చూడలేదు. ఆకాశం తడిగుడ్డ కప్పుకొని పడుకుంది. మబ్బు పట్టిన రోజున ఆరు ఏరేటర్లతో ఎనిమిదింటి పని చేయించడమంటే ఎలా ఉంటుందో తెలుసా? నువ్వు, నేను, బావ కలిసి చర్చి గాయక బృందమంతా పాడినట్టు ఉంటుంది.

సెప్టెంబరు ఆరున పట్టుబడి. అంతవరకు ఈ రొయ్యని బతికించి ఒడ్డున పడేయాలి. పడేయలేకపోతే నాకు ఏరేటర్ల మెకానిక్కు పని ఉండదని ఏలూరు ఆఫీసులో మేనేజరు అనిల్ కుమార్ గారు మెత్తగా చెప్పారు. ఆయన మెత్తగా చెప్పింది ఇంతవరకు ఒక్కటీ జరగకుండా పోలేదు. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఎనిమిదో తరగతి తప్పిన నన్ను ఇంకెవరు పిలిచి పని ఇస్తారే?

ఇద్దరిదీ ఒకటే కంపెనీ. నీ చేతి పని ముందు జరగాలి, తరవాతే నా పని. కాస్త ముందు పెట్టు. ట్రక్కు ఆటో ప్రదీప్ చేతికి ఈ ఉత్తరంతోపాటు రెండు కొర్రమేనులు ఇచ్చాను. బకెట్టులో బతికే ఉన్నాయి. వాడు ఆకివీడులో ఒకటి దించేశాడేమో లెక్కపెట్టుకో.

నీ తమ్ముడు,
ఇస్సాకు


తాడేపల్లిగూడెం,
7 ఆగస్టు, గురువారం

ఇస్సాకూ,

చేపలు రెండూ అందాయి. పులుసు పెట్టి షెడ్డుకి తెచ్చాను, పద్నాలుగు మందీ తిన్నారు. బాగుందన్నారు. నీ మోటార్లు మాత్రం బోర్డు మీద ఉన్నచోటే ఉన్నాయి.

ఆ బోర్డు సంగతి నీకు ఇంతవరకు ఎవరూ చెప్పినట్టు లేదు. మోటారు దిగిన రోజు చూసి, నంబరు వేసి నాయకులు గారు సుద్దముక్కతో రాస్తారు. ఇవాళ ఇరవై మూడు ఉన్నాయి. చుట్టేవాళ్ళం ముగ్గురం. ముదినేపల్లి నుంచి వచ్చే ప్రతి మోటారుకీ అర్జెంటు అని రాసి ఉంటుంది. కైకలూరు వాళ్ళు వెరీ అర్జెంటు అని రాస్తారు. నువ్వు చేపలు పంపుతావు. అందరికీ ఒకటే మంట. నాకు చేతులు రెండు.

నా పని కూడా ఇంకొకరి చేతిలోనే ఉంది. రాగి తీగ ఏలూరు స్టోర్సు నుంచి రావాలి. స్టోర్సు హరిప్రసాద్ గారు రేపండీ, రేపండీ అని తొమ్మిది రోజులు గడిపారు. చివరికి ఆయన రాయాల్సిన కాగితం నేనే రాసి, సంతకం చోట పెన్సిలుతో గుర్తు పెట్టి పంపితే మర్నాడే తీగ వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన బల్ల మీద కూడా ఒక బోర్డు ఉంటుంది, అది మనకి కనబడదు. నువ్వేమో మోటారుకి కట్టే చీటీలో ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది అన్న గళ్ళు ఖాళీగా పంపుతావు. ఒక్కోసారి బొమ్మలు వేస్తావు. కారణం తెలియని మోటారుని మొదటినుంచీ విప్పి చూడాలి. దానికి పూట పడుతుంది.

ఇంకోటి కూడా నా నోటితోనే వినడం మంచిది. నీ మోటార్లకి రావాల్సింది పద్నాలుగు, పదిహేను. నేనే నాయకులు గారికి చెప్పి పదిహేను, పదహారు వేయించాను. తమ్ముడని ముందు పెట్టిందన్న మాట ఈ షెడ్డులో నా మీద పడకూడదు. పంతొమ్మిదేళ్ళుగా పడలేదు.

మీ బావ బెంజమిన్ గారు చర్చి ప్రహరీకి సున్నం వేయిస్తున్నారు. గోడ కన్నా ఆయన చొక్కాకే ఎక్కువ పడింది. నీ చీటీలు నింపు. ఒంట్లో ఎలా ఉంది?

సువర్ణ


కలిదిండి,
11 ఆగస్టు, సోమవారం

మహా న్యాయమూర్తి సువర్ణమ్మ గారికి,

తమ తీర్పు అందింది. పరాయివాళ్ళకి పద్నాలుగు, సొంత తమ్ముడికి పదిహేను. చాలా బాగుంది. నేను నీ కడుపున పుట్టిన బిడ్డనయితే ఇరవై మూడు వేసేదానివి.

ఇక నీకు శ్రమ అక్కర్లేదు. ఆ రెండు మోటార్లూ ఎప్పుడు కుదిరితే అప్పుడు పంపు, క్రిస్మస్‌కి పంపినా మాకు అభ్యంతరం లేదు. గురువారం కరెంటు ఎగిరిపడి ఇంకో మూడు ఆగిపోయిన మాట నిజమే. తెల్లారేసరికి రొయ్య గట్టు వారకి వచ్చి మూతులు పైకి పెట్టింది. ఎనిమిదింటిలో మూడే తిరుగుతున్నాయి. అప్పుడు నువ్వు ఇక్కడ ఉంటే ఏం చేసేదానివో తెలియదు. నాకు మాత్రం దేవుడు దారి చూపించాడు. ఇవాళ ఆరు తిరుగుతున్నాయి. ఎలాగని అడక్కు, ఇదీ మీ బోర్డుకి కనబడని బోర్డే.

నిన్న మేత కంపెనీ పెద్దమనిషి ఒకాయన వచ్చి గట్టు మీద తెగ పాఠాలు చెప్పాడు. ఆయనకి నేనూ ఒక పాఠం చెప్పాను. కొల్లేటి గూడబాతులు ఎన్ని వాలాయో రోజూ లెక్కరాసి సంతకం పెడితేనే మా కంపెనీ మేత కొంటుందండీ అన్నాను. పాపం, గొడుగు వేసుకుని గంటన్నర లెక్కపెట్టాడు. నూట నాలుగట. నేను నూట ఆరండీ, మళ్ళీ చూడండి అన్నాను.

మీ షెడ్డు వాళ్ళు కాస్త త్వరగా నడవడానికి ఏలూరు ఆఫీసుకి ఒక చిన్న కాగితం కూడా వేశాను. ఎవరు రాశారో వాళ్ళకి తెలియదు. గేదె వెనకాల టపాకాయ పేల్చినట్టు ఉంటుంది, చూస్తూ ఉండు.

తమ విధేయుడు,
బోర్డు మీద పదిహేనూ పదహారూ


తాడేపల్లిగూడెం,
18 ఆగస్టు, సోమవారం

ఇస్సాకూ,

నీ టపాకాయ పేలింది. ఎక్కడ పేలిందో చెబుతాను.

శనివారం నాయకులు గారు అందరినీ ఓవెన్ దగ్గరికి పిలిచి ఏలూరు నుంచి వచ్చిన కాగితం చదివారు. "తాడేపల్లిగూడెం షెడ్డులో చుట్టిన మోటార్లు పది దినములు కూడా నిలువజాలకున్నవి" అని ఎవరో కంపెనీ శ్రేయోభిలాషి రాశాడట. నిలువజాలకున్నవి అన్న మాట వినగానే ఆ శ్రేయోభిలాషి ఎవరో నాకు తెలిసింది. చిన్నప్పుడు పాస్టరుగారిని వెక్కిరిస్తూ నువ్వు చేసిన ప్రసంగాలన్నీ ఆ భాషలోనే ఉండేవి.

ఆ కాగితం మీద ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే దానికి ముందు గురువారం బండిలో నీ దగ్గర్నుంచి నలభై నాలుగు, యాభై రెండు నంబర్ల మోటార్లు దిగాయి. ఉత్తరం లేదు, చీటీ ఖాళీ. రెండూ లోపల బొగ్గు. షెడ్డు పుస్తకంలో చూస్తే జూన్‌లో రెండింటినీ చుట్టింది సువర్ణ. కాగితానికి సాక్ష్యం మోటార్లు, మోటార్లకి పేరు నాది. నాయకులు గారు నా మొహం చూడకుండా, "కొన్నాళ్ళు ఇన్సులేషను కాగితం కత్తిరించమ్మా" అన్నారు. మూడు రోజులుగా కత్తెర పట్టుకుని కూర్చున్నాను. నా బల్ల మీద వేరేవాళ్ళు చుడుతున్నారు.

ఇరవై ఎనిమిది గురువారం అనిల్ కుమార్ గారు, నాయకులు గారు మీ చెరువు దగ్గరికి వచ్చి చూస్తారు. ముప్పై శనివారం నా సంగతి తేలుస్తారు. ఉంచుతారా తీసేస్తారా అన్నది.

ఇప్పుడు ఇది విను. మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్ళినప్పుడు నలభై నాలుగుని నేనే విప్పాను. నేను కాయిలు చుట్టాక నూలు టేపుతో బిగించి కడతాను. దీనికి కట్టింది నీలం నైలాను దారం. వల అల్లే దారం. వేడికి కరిగి తీగల మధ్య కారింది. చుట్లు కూడా నేను వేసేదానికన్నా తక్కువ. వల దారంతో మోటారు కట్టే మనిషి కొల్లేటి ఒడ్డున తప్ప ఇంకెక్కడ ఉంటాడు?

నేను ఇంకా ఎవరికీ చూపించలేదు. బయటివాళ్ళచేత కంపెనీ మోటారు విప్పించినవాడికి ఆ రోజే ఉద్యోగానికి సెలవని నీకూ తెలుసు, నాకూ తెలుసు. దేవుడు చూపించిన దారికి పేరేమిటో రాయి.

సువర్ణ


కలిదిండి,
21 ఆగస్టు, గురువారం

అక్కకు,

ఆ దారి పేరు జ్ఞానయ్య. కైకలూరు రోడ్డులో సైకిలు కొట్టు పక్కన ఉంటాడు. పంకాలు చుడతాడు, వలలు బాగుచేస్తాడు, జ్వరానికి ప్రార్థన చేస్తాడు. మూడు మోటార్లూ ఒక్క రోజులో చుట్టి ఇచ్చాడు. రెండు ఆరో రోజున కాలిపోయాయి. అవే నీ దగ్గరికి పంపాను. ఏదో ఒక నంబరు పడి లోపల్లోపల అయిపోతుందనుకున్నాను. పుస్తకంలో నీ పేరు ఉంటుందని నాకు తట్టలేదు. నమ్ము, నమ్మకపో.

శ్రేయోభిలాషిని కూడా నేనే. నాయకులు గారు కాస్త కంగారుపడి బోర్డు వేగంగా నడిపిస్తారని రాశాను. పది రోజులు నిలవడం లేదని ఊరికే, ఊపు కోసం రాశాను. రాసిన మూడో రోజుకి అది నిజమై కూర్చుంది. నా అబద్ధాలు ఇంత తొందరగా నిజమవుతాయని తెలిస్తే ఇంకేదైనా మంచిది రాసుకునేవాణ్ణి.

కానీ నన్నొక్కణ్ణే నిలబెట్టి రాళ్ళు వేయకు. ఎనిమిదింటిలో మూడు తిరుగుతుంటే గట్టు మీద నిలబడ్డది నేను. నువ్వు కాదు, మీ బోర్డు కాదు. రొయ్య చచ్చేముందు ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు. ఎగరదు, కదలదు, ఊరికే తెల్లబడుతుంది. నా అక్క నన్ను ఒక నంబరు వెనక్కి వేసిందన్న కోపంలో జ్ఞానయ్య దగ్గరికి వెళ్ళాను. నువ్వు అలా చేయకపోతే వెళ్ళేవాణ్ణి కాదు.

ఇప్పుడు చెరువులో నాలుగే తిరుగుతున్నాయి. అందులో ఒకటి, అరవై ఒకటో నంబరు, జ్ఞానయ్యదే. పట్టుబడికి పదహారు రోజులు. అంతవరకు ఓపిక పట్టు. పట్టుబడి అయిన మర్నాడే నేనే వెళ్ళి చెబుతాను. ఇరవై ఎనిమిదిన వాళ్ళు వస్తే, స్టోర్సు వాళ్ళు నూలు టేపు బదులు ఒకసారి నైలాను పంపారని నువ్వు అను. హరిప్రసాద్ గారికి ఏది పంపారో ఆయనకే గుర్తుండదు కదా.

ఇస్సాకు


తాడేపల్లిగూడెం,
25 ఆగస్టు, సోమవారం

ఇస్సాకూ,

అనను. తీగ కోసం తొమ్మిది రోజులు తిప్పినవాడని, చేయని తప్పు ఆయన నెత్తిన పెట్టను.

పట్టుబడి ఆరో తారీఖున. నా సంగతి ముప్పయ్యిన. పదహారు రోజులు ఓపిక పట్టమని రాసేటప్పుడు నువ్వు క్యాలెండరు చూశావా?

నువ్వు వెళ్ళమని నేను జ్ఞానయ్య ఇల్లు చూపించలేదు. కానీ వెనక్కి వేసిన మాట ఎత్తావు కాబట్టి మిగతాది కూడా విను. పదిహేను, పదహారు వేయించిన రోజు నుంచే మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక నేను షెడ్డులోనే ఉండి నీ పన్నెండూ పంతొమ్మిదీ చుట్టాను. అది నా సొంత సమయం, బోర్డుకి సంబంధం లేదని నాయకులు గారిని ముందే అడిగాను. "మీ ఇష్టమమ్మా" అన్నారు. పదకొండు సోమవారం రెండూ ఓవెన్‌లోంచి దిగాయి. ప్రదీప్ బండిలో ఎక్కించబోతుంటే నీ ఉత్తరం చేతికిచ్చాడు. ఎప్పుడు కుదిరితే అప్పుడు పంపు, క్రిస్మస్‌కి పంపినా పర్లేదు అని ఉంది. నాయకులు గారు అడిగితే చూపించాను. కలిదిండికి తొందర లేదట కదా అని ఆ రెండూ ముదినేపల్లి బండిలో ఎక్కించారు. నీ చేత్తో నువ్వే రాశావు, సంతకం కూడా పెట్టావు.

మొన్న నాయకులు గారు, సువర్ణమ్మా, నీకు ఏమైనా తెలుసా అని అడిగారు. కలిదిండిలో అడగండి అన్నాను. అంతకన్నా చెప్పను. నేను చెబితే, తనని కాపాడుకోడానికి తమ్ముణ్ణి పట్టించిందంటారు. చెప్పకపోతే పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం పోతుంది. రెండూ నేను మోయగలను. ఏది మోయాలో మాత్రం నువ్వే తేల్చాలి.

నలభై నాలుగులో కట్టిన దారం ముక్క ఈ కవరులో పెట్టాను. నా దగ్గర ఉంచుకోవడం నాకు ఇష్టం లేదు.

సువర్ణ


కలిదిండి,
1 సెప్టెంబరు, సోమవారం

సువర్ణక్కకు,

శనివారం నిన్ను మళ్ళీ నీ బల్ల దగ్గర కూర్చోబెట్టారని ప్రదీప్ చెప్పాడు. మొదట ఏం మోటారు చుట్టావో వాడికి తెలియలేదు. నాకు కావలసినవి ఎప్పుడూ వాడికి తెలియవు. గురువారం ఇక్కడ ఏమైందో నాయకులు గారు నీకు పైపైన చెప్పి ఉంటారు. ఆయన మాటలు తూకం వేసి ఇచ్చే మనిషి. మిగతాది నేను రాస్తాను.

ఇద్దరూ మధ్యాహ్నం జీపులో దిగారు. నేను గట్టు మీదే ఎదురెళ్ళి అంతా చెప్పేశాను. జ్ఞానయ్య, మూడు మోటార్లు, శ్రేయోభిలాషి కాగితం, అన్నీ. ఎంత కష్టపడి చెప్పానో నీకేం తెలుసు. అనిల్ కుమార్ గారు నవ్వారు. "ఇస్సాకూ, నీ మాట నమ్మి మేం ఎన్నిసార్లు వెర్రివాళ్ళమయ్యామో నీకైనా గుర్తుందా? అక్కగారిని తప్పించడానికి వచ్చావు. మంచిదే. వెళ్ళి పని చూసుకో" అన్నారు. నువ్వు పంపిన దారం చూపించాను. ఇది కైకలూరు సంతలో ఎవరికైనా దొరుకుతుంది కదండీ అన్నారు. ముప్పై ఏళ్ళుగా అబద్ధం చెబితే నమ్మారు. ఒక్కనాడు నిజం చెబితే సాక్ష్యం అడిగారు.

అరవై ఒకటి చెరువు నడుమ తిరుగుతోంది. తిరిగేవే నాలుగు. అందులో ఒకటి ఆపితే ఏమవుతుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎండ ఉంది కాబట్టి గంటసేపు పర్లేదని లెక్కేసుకుని స్విచ్చు కట్టేసి నీళ్ళలో దిగాను. మెడలోతు నీళ్ళలోంచి దాన్ని గట్టు మీదికి లాగేసరికి నాకు ఊపిరి లేదు. నాయకులు గారే స్పానరు అడిగి తీసుకున్నారు. పంచె పైకి కట్టి మట్టిలో కూర్చుని మూత తీశారు. లోపల నీలం దారం. వేడికి అక్కడక్కడ ముద్దకట్టింది. ఆయన ఒక ముడిని గోటితో గీకి చూశారు.

"ఇది సువర్ణమ్మ కట్టిన ముడి కాదండీ," అన్నారు. "పన్నెండు రోజులు ఆవిడ చేత కాగితం కత్తిరింపించాను."

అనిల్ కుమార్ గారు చెరువుకేసి చూసి, మూడు ఏరేటర్లతో ఇంకో వారం నడపలేమని, మర్నాడు తెల్లారగానే పట్టుబడి పెట్టించమన్నారు. శుక్రవారం పట్టేశాం. రొయ్య కొంచెం చిన్నదే, అయినా అంతా బతికే ఒడ్డుకొచ్చింది. బుట్టలో పడ్డాక కూడా ఎగురుతూనే ఉంది.

జీపు ఎక్కేముందు అనిల్ కుమార్ గారు నన్ను పక్కకి పిలిచారు. "నువ్వే చెప్పావు కాబట్టి ఈసారికి ఉంచుతున్నాను. జ్ఞానయ్య చేసినవి ఈ మూడేనా? ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు. తరవాత బయటపడితే ఆ రోజే గేటు బయట ఉంటావు." మెత్తగానే అన్నారు.

మూడేనండీ అన్నాను.

మూడు కాదక్కా, ఐదు. ఇరవై ఏడు, ముప్పై మూడు నంబర్లవి జూలైలోనే జ్ఞానయ్య చేత చుట్టించాను. నిన్ను అడగడానికి అప్పుడే మొహం చెల్లక. అవి ఐదో చెరువులో ఇవాళ పొద్దుటిదాకా బ్రహ్మాండంగా తిరిగాయి. నీలం దారం వాటిలో ఉందని జ్ఞానయ్యకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. జ్ఞానయ్య చెప్పడు. నేను చెప్పకపోతే నా ఉద్యోగం నాకుంటుంది. మీ పుస్తకంలో మాత్రం ఆ రెండింటి ఎదురుగా కూడా నీ పేరే ఉంది. దసరాకో క్రిస్మస్‌కో కాలతాయి. అప్పుడు మళ్ళీ నీ చేతికి కత్తెర ఇస్తారు. మూడని నేను చెప్పిన మాట నమ్మారు కాబట్టి ఇక వాటిని విప్పి కూడా చూడరు.

ఈ మూడు రోజులూ నేను చేసిన పని ఆ రెండు మోటార్లని చూస్తూ కూర్చోవడమే. కాలిపొమ్మని తిట్టాను, కాలకూడదని ప్రార్థన కూడా చేశాను. రెండూ ఒకే నోటితో.

మూడో చెరువు ఖాళీ అయింది కదా. ఇవాళ పొద్దున్న అక్కడి మంచి మోటార్లు రెండు తెచ్చి ఐదో చెరువుకి బిగించి, వీటిని తిరుగుతుండగానే ఆపి తీశాను. కాలని మోటారు రిపేరుకి రావడం మీ షెడ్డులో ఇదే మొదటిసారి అయ్యుంటుంది. రెండింటికీ చీటీలు కట్టాను. గళ్ళన్నీ నింపాను. ఎవరు చుట్టారు అన్న గడి లేకపోతే నేనే గీసి జ్ఞానయ్య పేరు రాశాను, ఎవరు చుట్టించారన్న చోట నా పేరు రాశాను. నువ్వు విప్పకు. నాయకులు గారి ముందు ఆయన చేతే విప్పించు. అనిల్ కుమార్ గారికి ఆయన ఎలాగూ ఫోను చేస్తారు. ఆ తరవాత నా సంగతి నాకు తెలుసు, నువ్వు అడ్డం పడకు. వాటిని బోర్డు మీద ఏ నంబరులో వేసినా నేను ఏమీ అనను.

ప్రదీప్ హారను కొడుతున్నాడు. ఈ ఉత్తరం చించేసి, మోటార్లు దింపించేసి, ఏమీ జరగనట్టు టీ తాగడానికి నాకింకా రెండు నిమిషాలుంది. నా సంగతి నాకు తెలుసు కాబట్టే ముందు మోటార్లు బండిలో ఎక్కించి, తాళ్ళు వేసి కట్టి, ఆ తరవాత ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నీ తమ్ముడు,
ఇస్సాకు